నాన్నకి మళ్లీ పక్షవాతం అనుకున్నాం, ఫిట్స్ అంటున్నారు. ఇలా ఎవరికైనా జరిగిందా?

గోదారిగట్టు
జూన్ 9, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మాది కోనసీమలో ఒక పల్లె. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నాన్నకి 63 ఏళ్లు. 14 నెలల క్రితం తెల్లవారుజామున గేదెకి గడ్డి వేస్తూ కూలబడిపోయారు. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి, మాట పోయింది. ఊళ్లో ఆర్ఎంపీ బీపీ చూసి నాలుక కింద ఏదో మాత్ర పెట్టాడు. తర్వాత పక్క టౌన్‌లో ఒక ఆస్పత్రికి తీసుకెళ్తే సెలైన్ ఎక్కిస్తూ మధ్యాహ్నం దాకా ఉంచేశారు. అక్కడ స్కానింగే లేదు, ఆ సంగతి ముందు చెప్పలేదు. కాకినాడ చేరేసరికి 7 గంటలు దాటింది. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి టైమ్ అయిపోయిందండి అన్నారు. ఆ మాట ఇప్పటికీ చెవుల్లో గింగురుమంటూనే ఉంది. రోజూ ఫిజియోథెరపీ చేయిస్తే కర్ర పట్టుకుని నడిచేదాకా వచ్చారు. మాట కూడా చాలావరకు తిరిగొచ్చింది.

పోయిన మంగళవారం మధ్యాహ్నం అన్నం తింటుండగా కుడి చెయ్యి కొట్టుకోవడం మొదలైందట. మూతి ఒక పక్కకి లాగింది. రెండు నిమిషాల్లో అది ఆగింది గానీ చెయ్యి పూర్తిగా వాలిపోయింది, మాట రాలేదు. మళ్లీ వచ్చిందనుకుని ఈసారి ఎక్కడా ఆగకుండా 108 ఎక్కించి తిన్నగా కాకినాడ తీసుకెళ్లారు. సీటీలో పాత మచ్చ తప్ప కొత్తది ఏమీ లేదన్నారు. సాయంత్రానికి చెయ్యి ఎప్పటిలా అయిపోయింది. ఇది ఫిట్స్ అని లెవెటిరాసెటమ్ 500 పొద్దున ఒకటి, రాత్రి ఒకటి రాశారు.

చెయ్యి పడిపోయింది, మాట పోయింది, అచ్చం మొదటిసారి లాగే. మరి ఫిట్స్ ఎలా అవుతుంది? స్కాన్‌లో దొరకలేదని అలా అనేశారా? ఈ మాత్ర జీవితాంతమా? రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు.

ఇంకో విషయం. చెల్లికి సంబంధాలు చూస్తున్నాం. ఫిట్స్ అన్న మాట గుమ్మం దాటకూడదని అమ్మ పట్టు. చుట్టాలందరికీ కళ్లు తిరిగాయని చెప్పింది.


ఓరుగల్లు
జూన్ 9, రాత్రి 11:15

అన్నా, ధైర్యంగా ఉండండి. మా బాపుకి కూడా పక్షవాతం వచ్చిన ఏడాదికి ఇట్లనే అయింది. మేము కూడా మళ్లీ పక్షవాతమే అని ఏడ్చుకుంట పోయినం. ఇప్పుడు మూడేండ్లు, గోళీలు ఒక్క పూట తప్పలేదు, మళ్లీ రాలేదు. ఒక్కటే మాట. ఆ రోజు ఏం జరిగిందో కళ్లతో చూసినవాళ్లు ఎవరో వాళ్లను కూర్చోబెట్టి మొదటి నుంచి అడగండి. మా దగ్గర డాక్టర్ స్కాన్ ఫిల్మ్ చూసింది రెండు నిమిషాలు, మా అమ్మను అడిగింది ఇరవై నిమిషాలు.


తెల్లకోటు
జూన్ 10, ఉదయం 6:20

నేను ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో న్యూరాలజీ చూస్తాను. మీ నాన్నగారిని చూడలేదు కాబట్టి ఇది మీ డాక్టర్ గారి మాటకి బదులు అనుకోకండి. కానీ మీ ప్రశ్న చాలా మంచిది, ప్రతి వారం ఓపీలో ఎవరో ఒకరు అడుగుతారు.

పక్షవాతం అంటే మెదడులో ఒక భాగానికి రక్తం అందకపోవడం, లేదా అక్కడ రక్తనాళం చిట్లడం. ఎలా వచ్చినా శక్తి ఉన్నట్టుండి పోతుంది. ఫిట్స్‌లో మొదలు వేరు. ముందు అక్కర్లేని కదలిక వస్తుంది. కొట్టుకోవడం, లాగడం, బిగుసుకోవడం. ఆ తర్వాతే చెయ్యి వాలుతుంది. ఒకచోట కరెంటు విపరీతంగా రేగి అలసిపోయిన మెదడు కాసేపు పని ఆపేస్తుంది, అంతే. ఈ తాత్కాలిక బలహీనతని 1849లో రాబర్ట్ బెంట్లీ టాడ్ అనే వైద్యుడు వర్ణించాడు. అందుకే ఇప్పటికీ టాడ్స్ పాల్సీ అంటాం. కొన్ని నిమిషాల నుంచి ఒకటిన్నర రోజు దాకా ఉండొచ్చు. సాయంత్రానికి చెయ్యి తిరిగొచ్చిందన్నారే, అది దీనికి సరిగ్గా సరిపోతుంది.

సీటీ గురించి ఒక మాట. రక్తస్రావం ఉంటే సీటీలో వెంటనే తెల్లగా కనిపిస్తుంది. గడ్డ అడ్డుపడిన పక్షవాతం మాత్రం మొదటి కొన్ని గంటల్లో సీటీలో కనిపించకపోవచ్చు. కాబట్టి సీటీ బాగుంది అన్నంతమాత్రాన పక్షవాతం కాదని తేల్చలేం. ఎంఆర్ఐలో డిఫ్యూజన్ అనే భాగం చూస్తే చాలావరకు తేలిపోతుంది. చేశారా? అలాగే షుగర్ ఎంత ఉందో ఎవరైనా చూశారా? షుగర్ మాత్రలు వేసుకుని సరిగ్గా తినకపోతే, షుగర్ పడిపోయి అచ్చం పక్షవాతంలా ఒక పక్క వాలిపోవచ్చు, ఫిట్స్ కూడా రావచ్చు. నేను అన్నిటికన్నా ముందు చూసేది వేలి చివర రక్తపు చుక్కే.

పాత పక్షవాతం మెదడులో ఒక మచ్చ మిగిలిస్తుంది. నెలల తర్వాత ఆ మచ్చ అంచునుంచి ఫిట్స్ పుట్టొచ్చు. పెద్ద వయసులో కొత్తగా ఫిట్స్ వచ్చినవాళ్లలో ఎక్కువసార్లు కనిపించే కారణం ఇదే. మామూలుగా అయితే కారణం లేకుండా రెండుసార్లు వస్తేనే మూర్ఛ వ్యాధి అంటాం. కానీ పక్షవాతం వచ్చి వారం దాటాక వచ్చిన ఫిట్ ఒక్కటైనా సరే మందు మొదలుపెడతాం. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో అలాంటివాళ్లకి పదేళ్లలో మళ్లీ వచ్చే అవకాశం 70 శాతం పైనే అని తేలింది. పక్షవాతం వచ్చిన మొదటి వారంలోనే వచ్చే ఫిట్స్ లెక్క వేరు, వాటికి దీర్ఘకాలం మందు అక్కర్లేకపోవచ్చు.


పెదనాన్న1958
జూన్ 10, ఉదయం 9:05

బాబూ, నీ రాత చదివి మనసు చివుక్కుమంది. మా తమ్ముడికి పక్షవాతం వస్తే ఊళ్లో పసరు పోయించాం, పావురం రక్తం రాయించాం, నడిచాడు. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాల గుత్తి పెడితే వెంటనే తగ్గుతుంది. ఇంగ్లీషు మాత్రలు ఏళ్ల తరబడి వాడితే నరాలు చచ్చుబడతాయని మా వాళ్లంతా అంటారు. ఆలోచించుకో నాయనా.


మంచుపూలు
జూన్ 10, ఉదయం 10:30

పెదనాన్న గారూ, మీరు అభిమానంతో చెప్పారని తెలుసు. నాకు 9వ తరగతి నుంచి మూర్ఛ ఉంది, ఇప్పుడు వైజాగ్‌లో టీచర్ని. నా చేతిలో తాళాలు పెట్టినవాళ్లు ఎందరో. ఫిట్ చాలావరకు దానంతట అదే రెండు మూడు నిమిషాల్లో ఆగిపోతుంది. ఆ లోపు తాళాలు పెడితే తాళాల వల్ల ఆగిందనిపిస్తుంది. ఒకసారి బలవంతంగా నోట్లో చెంచా పెట్టారు, పన్ను విరిగింది. అది మాత్రం నాతోనే ఉండిపోయింది.

చేయాల్సింది చాలా తక్కువ. కింద పడకుండా, తల నేలకి కొట్టుకోకుండా చూడాలి. ఎడమకో కుడికో పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టొద్దు, నీళ్లు కూడా వద్దు. చేతులు కాళ్లు అదిమి పట్టొద్దు. గడియారం చూడాలి. 5 నిమిషాలు దాటితే, లేదా స్పృహ రాకుండానే మళ్లీ మొదలైతే 108కి ఫోన్ చేయాలి. ముక్కులో కొట్టే మిడజోలమ్ స్ప్రే ఉంటుంది, మీ డాక్టర్ని అడిగి ఇంట్లో ఒకటి ఉంచుకోండి.


తెల్లకోటు
జూన్ 10, మధ్యాహ్నం 2:10

మంచుపూలు గారు చెప్పినదానికి ఒక్క అక్షరం కలపక్కర్లేదు.

పెదనాన్న గారూ, పక్షవాతం తర్వాత మొదటి మూడు నెలల్లో చాలామందికి ఎంతో కొంత మెరుగు దానంతట అదే వస్తుంది. పసరు సరిగ్గా ఆ రోజుల్లోనే పోస్తారు కాబట్టి పేరు పసరుకి పోతుంది. నాకు భయం పసరు గురించి కాదండి. పథ్యం పేరుతో బీపీ మాత్ర, రక్తం గడ్డకట్టకుండా వేసే మాత్ర ఆపేస్తారు. అలా ఆపేసి రెండో పక్షవాతంతో వచ్చినవాళ్లని చాలామందిని చూశాను.


గోదారిగట్టు
జూన్ 13, రాత్రి 9:50

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఓరుగల్లు చెల్లీ, నువ్వు చెప్పినట్టే రెండు రోజులు సెలవు పెట్టి ఊరెళ్లి అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. ఇన్నాళ్లూ చెప్పని మాట ఒకటి బయటికొచ్చింది.

ఇది మొదటిసారి కాదట. సంక్రాంతి వెళ్లాక ఒకసారి, ఉగాది ముందు ఒకసారి నాన్న బొటనవేలు దానంతటదే టకటకా కొట్టుకుందట. నిమిషంలో ఆగిపోయిందట. ఆ రెండుసార్లూ తర్వాత గంటసేపు మాట ముద్దగా వచ్చిందట. అమ్మకి అప్పుడే అనుమానం వచ్చింది. మా మేనమామ ఒకాయనకి చిన్నప్పుడు ఫిట్స్ ఉండేవి, ఆయనకి పెళ్లి కాలేదు. ఆ భయంతో నోరు విప్పలేదు. మంగళవారం కాకినాడలో కూడా డాక్టర్ "ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా అయిందా" అని అడిగితే లేదనే చెప్పిందట. చెప్తూ చెప్తూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను ఏమీ అనలేకపోయాను.

ఇంకొకటి. చెల్లి ఆ రోజు ఫోన్లో వీడియో తీసింది, 40 సెకన్లు. నాన్నని అలా చూపించడం ఇష్టం లేక ఎవరికీ చూపించలేదు. నేను చూశాను. కంచంలో పప్పన్నం ముద్ద కలిపి ఉంది. నాన్న బొటనవేలు ఆ ముద్ద మీద కొట్టుకుంటోంది, ఒకే లయలో. తర్వాత నాలుగు వేళ్లూ, తర్వాత మణికట్టు, మెతుకులు ఎగిరి చాప మీద పడుతున్నాయి. తర్వాత మూతి కుడి పక్కకి. నాన్న కళ్లు తెరిచే ఉన్నాయి, అమ్మ వైపే చూస్తున్నారు, ఏదో చెప్పాలని.

నిన్న నాన్నని తీసుకుని కాకినాడ వెళ్లి డాక్టర్ గారికి ఆ వీడియో చూపించాను. రెండుసార్లు చూసి, ఇక నాకు అనుమానం లేదు అన్నారు. ఆ రోజు షుగర్ 142 ఉందట, అది కారణం కాదు. అయినా ఎంఆర్ఐ, ఈఈజీ (మెదడు సంకేతాలు రాసుకునే పరీక్ష) రాశారు.


తెల్లకోటు
జూన్ 13, రాత్రి 11:30

బొటనవేలు, తర్వాత వేళ్లు, మణికట్టు, ఆపైన మూతి. ఇలా ఒక వరసలో పాకడాన్ని 19వ శతాబ్దంలో హ్యూలింగ్స్ జాక్సన్ అనే ఆంగ్ల వైద్యుడు వివరంగా గమనించి రాశాడు. ఆయన భార్యకీ ఇలాంటి ఫిట్సే వచ్చేవి. అప్పటికి స్కాన్ లేదు, ఈఈజీ లేదు. ఒంటి మీద కదలిక పాకే వరసని బట్టి మెదడులో ఏ భాగం దేన్ని కదిలిస్తుందో ఊహించాడు. మెదడు పైపొరలో బొటనవేలికీ మూతికీ చోటు ఎక్కువ, రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి. కట్టె నుంచి పక్క కట్టెకి నిప్పు అంటుకున్నట్టు ఆ దారిలో పాకింది. ఎడమ మెదడులో మాటకి సంబంధించిన చోటూ ఆ పక్కనే, అందుకే మాట కూడా ఆగింది.

అమ్మగారిని ఏమీ అనకండి. మీ చెల్లెలు చేసిన పని గొప్పది, ఆ అమ్మాయికి నా మాటగా చెప్పండి.


ఈఈజీగది
జూన్ 14, ఉదయం 7:45

గోదారిగట్టు గారూ, నేను గుంటూరులో ఈఈజీ టెక్నీషియన్ని. పెద్దవాళ్లని తీసుకొచ్చేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. ముందురోజు షాంపూతో తలస్నానం చేయించండి, ఆ తర్వాత నూనె రాయొద్దు. ఆస్పత్రికి వెళ్తున్నారని శుభ్రంగా కొబ్బరినూనె పెట్టి దువ్వి తీసుకొస్తారు. తల మీద 20కి పైగా వైర్లు జిగురు పెట్టి అంటించాలి, నూనె ఉంటే నిలవవు. మళ్లీ తల కడిగించి కూర్చోబెట్టాల్సి వస్తుంది. కరెంటు ఎక్కించరు, నొప్పి ఉండదు, మెదడు నుంచి వచ్చే సంకేతాలు రాసుకుంటుందంతే. ఇది నాన్నగారికి ముందే చెప్పండి, షాక్ పెడతారని భయపడేవాళ్లు చాలామంది. మాత్రలు మాత్రం ఎప్పటిలా వేసుకునే రావాలి, డాక్టర్ ప్రత్యేకంగా చెప్తే తప్ప ఆపొద్దు.

రిపోర్టు నార్మల్ అని వచ్చినా ఫిట్స్ లేవని అర్థం కాదు. అరగంట రికార్డింగ్‌లో ఆ మచ్చ ఊరుకుంటే మాకేమీ కనిపించదు.


కువైట్ నుంచి
జూన్ 14, మధ్యాహ్నం 1:00

ఈ థ్రెడ్ అంతా ఏకబిగిన చదివాను. మా అమ్మానాన్నలు కడప దగ్గర ఊళ్లో ఒంటరిగా ఉంటారు. డాక్టర్ గారూ, పడుకుని లేచేసరికే చెయ్యి పడిపోయి ఉంటే టైమ్ ఎప్పటి నుంచి లెక్కపెడతారు? ఆ ఇంజెక్షన్‌కి నిజంగా ఎంత టైమ్ ఉంటుంది?


తెల్లకోటు
జూన్ 14, రాత్రి 8:25

చివరిసారి బాగా ఉన్నట్టు ఎప్పుడు చూశారో అప్పటి నుంచి. రాత్రి 10కి మాట్లాడి పడుకుంటే లెక్క 10 నుంచే మొదలు. రాత్రి బాత్రూంకి లేచి బాగానే నడిచారని ఎవరైనా చూసి ఉంటే ఆ టైమ్. అందుకే ఇంట్లో ఉన్నవాళ్ల జ్ఞాపకం అంత ముఖ్యం.

గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలు. అంతదాకా ఆగొచ్చని కాదు, ఎంత ముందైతే అంత ఫలితం. పెద్ద రక్తనాళం మూసుకుపోతే గజ్జల నుంచి తీగ పంపి గడ్డని బయటికి లాగే పద్ధతి ఉంది, థ్రాంబెక్టమీ అంటారు. 2015లో వరసగా వచ్చిన పరీక్షలతో అది ఖాయమైంది. 2018 నుంచి, స్కాన్‌లో బతికించదగిన మెదడు ఇంకా మిగిలి ఉందని కనిపించినవాళ్లకి 24 గంటల దాకా చేస్తున్నారు. నిద్రలో వచ్చినవాళ్లకి కూడా ఎంఆర్ఐ చూసి ఇంజెక్షన్ ఇవ్వగలిగిన సందర్భాలు ఉన్నాయి. కాబట్టి టైమ్ అయిపోయిందని మీరే అనుకుని ఇంట్లో ఆగొద్దు, ఆ నిర్ణయం ఆస్పత్రిలోనే జరగాలి.

నాలుక కింద మాత్ర పెట్టి బీపీ దించడం గురించి ఇక్కడ రాయాలని మొదటి రోజు నుంచీ అనుకుంటున్నాను. గడ్డ అడ్డుపడినప్పుడు ఆ అడ్డం దాటి కాస్తయినా రక్తం తోయడానికి ఒళ్లు బీపీ పెంచుకుంటుంది. దాన్ని ఒక్కసారిగా దించేస్తే కొన ఊపిరితో ఉన్న భాగం కూడా పోతుంది. ఇంజెక్షన్ ఇవ్వాల్సినవాళ్లకి 185/110 కిందికి తెస్తాం, అదీ ఆస్పత్రిలో, జాగ్రత్తగా. ఇంట్లో ఆస్పిరిన్ కూడా వెయ్యొద్దు. చిట్లిందా, మూసుకుందా అన్నది స్కాన్ చెప్పాలి.

మీ ఇంటికి దగ్గర్లో 24 గంటలూ సీటీ ఉండి, ఈ ఇంజెక్షన్ ఇచ్చే ఆస్పత్రి ఏదో ఈ రోజే కనుక్కుని పెట్టండి. చెయ్యి వాలడం, మూతి వంకర, మాట తేడా, ఉన్నట్టుండి తూలడం, చూపు పోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పక్షవాతమా ఫిట్సా అని ఇంట్లో తర్జనభర్జన పడకుండా బయల్దేరాలి. గోదారిగట్టు గారి అమ్మగారు రెండోసారి చేసింది సరిగ్గా అదే. అది ఫిట్ అని తర్వాత తేలడం వల్ల నష్టమేమీ లేదు.


కువైట్ నుంచి
జూన్ 14, రాత్రి 9:15

ఇప్పుడే ఫోన్ చేసి నాన్నతో వంటింటి గోడ మీద రాయించాను. 108, ఆస్పత్రి పేరు, పక్కింటి కారు డ్రైవర్ నంబరు. అమ్మ చేత ఒకసారి చదివించాను కూడా.


గోదారిగట్టు
జూన్ 24, రాత్రి 10:05

ఎంఆర్ఐలో కొత్త పక్షవాతం లేదు. ఈఈజీలో ఎడమవైపు మచ్చ ఉన్నచోట తేడా కనిపించింది. (ఈఈజీగది గారూ, మీరు చెప్పి ఉండకపోతే అమ్మ నూనె పెట్టేసేది. సీసా చేతిలోకి తీసుకుంది కూడా.)

ఇప్పుడు సమస్య ఇంకోటి. మాత్ర మొదలుపెట్టినప్పటి నుంచి నాన్న మనిషి మారిపోయారు. మమ్మల్ని ఏనాడూ గట్టిగా ఒక మాట అనని మనిషి, పాలు పోయడానికి వచ్చే పిల్లాడి మీద కర్ర ఎత్తారు. కంచం విసిరేశారు. కాసేపటికి ఆయనే తల పట్టుకుని కూర్చుంటున్నారు. మాత్ర ఆపేద్దామా అని అమ్మ అడుగుతోంది.


తెల్లకోటు
జూన్ 25, ఉదయం 6:05

ఆపొద్దు. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఒకదాని వెనక ఒకటి రావచ్చు, అది ప్రాణం మీదకి తెస్తుంది. కానీ ఈ రోజే మీ డాక్టర్ గారికి ఫోన్ చేయండి. లెవెటిరాసెటమ్ మంచి మందు, పక్షవాతానికి వాడే మిగతా మందులతో తగాదా పెట్టుకోదు. కానీ కొందరిలో ఈ చిరాకు, కోపం తెస్తుంది. ఇది నాన్నగారి తప్పు కాదు, ఆయనకి కూడా ఈ మాట చెప్పండి. దాని బదులు వాడదగ్గవి ఉన్నాయి. లామోట్రిజిన్ పెద్దవాళ్లకి బాగా సరిపోతుంది, కాకపోతే 25తో మొదలుపెట్టి వారాల మీద పెంచాలి. ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే చెప్పాలి. అది పూర్తి మోతాదుకి వచ్చేదాకా పాతది కొనసాగుతుంది.

చవకని ఫెనిటాయిన్‌కో కార్బమజెపిన్‌కో మార్చమని ఎవరైనా సలహా ఇస్తే, వాడుతున్న మందుల చీటీ మొత్తం డాక్టర్‌కి చూపించి అడగండి. అవి కొలెస్ట్రాల్ మాత్ర, కొన్ని రకాల రక్తం పలచబడే మాత్రల బలాన్ని తగ్గిస్తాయి. ఖర్చే ఇబ్బందైతే జనౌషధి షాపులో లెవెటిరాసెటమ్ తక్కువకే దొరుకుతుంది. ఒళ్లు నొప్పులకి ట్రమడాల్ ఉన్న మాత్ర మెడికల్ షాపులో అడిగి వేసుకోవద్దు, అది ఫిట్స్‌ని రెచ్చగొడుతుంది.

పక్షవాతం తర్వాత దిగులు కూడా చాలామందికి వస్తుంది. కోపంలో అది ఎంత, మందు ఎంత అన్నది చూడాలి. దానికీ మందు ఉంది.


మంచుపూలు
జూన్ 25, సాయంత్రం 5:40

గోదారిగట్టు తమ్ముడూ, మీ చెల్లి గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. నాన్నగారి ఫిట్స్ పక్షవాతం మిగిల్చిన మచ్చ నుంచి వచ్చాయి. అది పిల్లలకి వచ్చే వ్యవహారం కాదు. అమ్మకి ఈ ఒక్క మాట డాక్టర్ నోటితోనే చెప్పించు.

నా విషయంలో అయితే ఫిట్స్ నాకే ఉన్నాయి. పెళ్లిచూపుల రోజు మా నాన్న వద్దన్నా వినకుండా మేడ మీదకి తీసుకెళ్లి ఆయనకి చెప్పేశాను. మాత్రల అట్ట చూపించాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "వస్తే నేనేం చెయ్యాలి?" అంతకుముందు ఇద్దరు వద్దన్నారు, అదీ నిజమే. హిందూ వివాహ చట్టంలో మూర్ఛ ఉంటే పెళ్లి చెల్లదనే వీలు ఒకప్పుడు ఉండేది. 1999లో దాన్ని తీసేశారు. చట్టం మారి ఇన్నేళ్లయినా మన ఇళ్లలో ఆ మాట గొంతు తగ్గించే అంటాం.

నాకు పెళ్లికి ముందే డాక్టర్ వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు మార్చేశారు, కడుపులో బిడ్డకి మంచిది కాదని. ఫోలిక్ యాసిడ్ ముందు నుంచే ఇచ్చారు. మా అబ్బాయి ఇప్పుడు 6వ తరగతి. దాచి ఉంటే ఆ మందు మార్చేవాళ్లే కాదు.


పెదనాన్న1958
జూన్ 26, ఉదయం 8:20

అమ్మా మంచుపూలూ, నీ మాటలు రెండుసార్లు చదివాను. మా తమ్ముడు ఆ తర్వాత నాలుగేళ్లకి మళ్లీ పక్షవాతం వచ్చి పోయాడు. బీపీ మాత్ర అప్పట్లో పథ్యం అని ఆపించింది నేనే. మొదటి రోజు ఆ సంగతి రాయలేదు. ఇక్కడ చదివేవాళ్లకి పనికొస్తుందని ఇప్పుడు రాస్తున్నాను.


గోదారిగట్టు
ఆగస్టు 17, రాత్రి 9:30

పెదనాన్న గారూ, ఆ మాట రాయడానికి ఎంత కష్టపడ్డారో అర్థమైంది. మీరు రాసింది మా అమ్మకి చదివి వినిపించాను.

నాన్నకి లామోట్రిజిన్ పూర్తి మోతాదుకి వచ్చింది, పాతది మెల్లగా తీసేశారు. కోపం పోయింది. మళ్లీ పెద్ద ఫిట్ రాలేదు. జూలైలో ఒకసారి రాత్రి మాత్ర మర్చిపోతే పొద్దున వేళ్లు కాస్త కొట్టుకున్నాయి, అప్పటి నుంచి అమ్మ రోజుల పేర్లు రాసిన డబ్బాలో మాత్రలు సర్దుతోంది. బండి తియ్యడం, కాలవలో స్నానం, పొలంలో మోటారు స్విచ్ వెయ్యడం మానిపించాం. బాత్రూం తలుపుకి లోపలి గడియ తీసేశాను. కాలవ విషయంలోనే నాన్న అలిగారు. ఇప్పుడు సాయంత్రాలు గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు.

మొన్న చెల్లిని చూడడానికి వచ్చినవాళ్లకి కాఫీలు అయ్యాక అమ్మే చెప్పింది. "ఆయనకి పక్షవాతం వచ్చింది, దానివల్ల ఫిట్స్ వచ్చాయి, మాత్రలు వాడుతున్నారు" అని, గుక్క తిప్పుకోకుండా. అబ్బాయి వాళ్ల అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మా అమ్మని పక్కకి పిలిచి, వాళ్లాయనకి పొద్దున లేవగానే ఎడమ చెయ్యి కాసేపు తిమ్మిరెక్కి, మాట తడబడుతోందని, పది నిమిషాల్లో తగ్గిపోతోందని, ఎవరికీ చెప్పలేదని అడిగింది. తెల్లకోటు గారూ, ఏం చెప్పమంటారు?


తెల్లకోటు
ఆగస్టు 17, రాత్రి 9:42

రేపు పొద్దున దాకా ఆగొద్దని చెప్పండి. అది పెద్ద పక్షవాతానికి ముందు వచ్చే హెచ్చరిక కావచ్చు. ఈ రాత్రికే సీటీ ఉన్న ఆస్పత్రికి వెళ్లమనండి. ఎన్నిసార్లు వచ్చింది, ఎంతసేపు ఉంది, చెయ్యి వాలిందా, కొట్టుకుందా, ఇవన్నీ ఆవిడ్నే డాక్టర్‌కి చెప్పమనండి. వాళ్లది ఏ ఊరు?


గోదారిగట్టు
ఆగస్టు 17, రాత్రి 9:44

రాజోలు దగ్గర. అమ్మ ఇప్పుడే వాళ్లకి ఫోన్ చేస్తోంది.